పెంపునకు వచ్చిన పిల్లి: రోగభార మెవరిది?

పిల్లి తన కూనలను ఏడిండ్లు త్రిప్పునని మనలో సామెత గలదు. తల్లి త్రిప్పుట కూనల క్షేమము కొఱకే. ఇప్పుడు మన పట్టణములందు మనుష్యులే కూనలను ఇల్లిల్లు త్రిప్పుచున్నారు. దీని ప్రయోజన మెవ్వరి క్షేమమో చెప్పుట కష్టము. ఆశ్రయశాలనుండియో, పొరుగింటి అటకమీదినుండియో, వీథిమూలనుండియో కూన నొకదానిని ముచ్చటపడి తెచ్చుకొందురు. మూడవనాడో అయిదవనాడో అది తిండి ముట్టదు. మఱునాటికి వాంతులు మొదలగును. అంతట వివాదము బయలుదేరును. “నా యొద్ద నున్నన్నాళ్లు చక్కగా గంతులు వేసినది” అని యిచ్చినవాడు. “రోగిష్టిదానిని నాకంటగట్టినావు” అని పుచ్చుకొన్నవాడు. ఈ వాదప్రతివాదములు ముగియులోపల కూన ఆయుర్దాయము ముగియుచున్నది.

ఈ వివాదమందు రెండు ప్రశ్నలు కలగాపులగమైనవి. ఈ క్షణమున దానికి వైద్యము చేయింపవలసినవా డెవడనునది మొదటిది. ఆ వ్యయము తుదకు ఎవరిమీద పడవలయుననునది రెండవది. రెండవదానికి సమాధానము దొరకువఱకు మొదటిదానిని నిలిపియుంచుటయే జరుగుచున్న అన్యాయము. మా అభిప్రాయము స్పష్టము: పిల్లి యెవరి గడపలోపల నున్నదో వారే తక్షణము వైద్యుని చూడవలయును. లెక్కలు తరువాత తేల్చుకొనవచ్చును. లెక్కలు ఆగును, రోగ మాగదు.

రోగమెట్టిదో తెలియనిదే తప్పొప్పులు నిర్ణయించుట అవివేకము. క్రొత్తగా తెచ్చిన కూనలను హఠాత్తుగా పొట్టనబెట్టుకొను వ్యాధులలో ముఖ్యమైనది పాన్‌ల్యూకోపీనియా. అది వైరసువలన కలుగును. తెల్ల రక్తకణములు క్షీణించి, జ్వరము, వాంతులు, విరేచనములతో టీకాలు పడని కూనలు వేగముగా కూలిపోవును. వైరసు సోకిన పిమ్మట లక్షణములు బయటపడుటకు సామాన్యముగా 2 మొదలు 10 దినములు పట్టును. ఒక్కొక్కప్పుడు రెండువారములును పట్టవచ్చును. కావున మూడవనాడు పడిపోయిన కూన ఆ రోగమును పాత తావుననే తెచ్చుకొనియుండుట మిక్కిలి సంభావ్యము. అయినను ఇచ్చినవాడు మోసగాడని దీనివలన తేలదు. రోగము లోపల పెరుగుచున్న దినములలో కూన ఆడును, తినును, ఒడిలో నిదురించును. కన్నులున్నవానికిని అది కానరాదు.

జలుబు, తుమ్ములు, కన్నుల పుసులు మఱియొక తెఱగు. వీనికి తఱచుగా హెర్పిసు, కాలిసి అను వైరసులు కారణము. హెర్పిసు ఒకమాఱు సోకిన పిల్లి శరీరమందు సాధారణముగా జీవితాంతము దాగియుండును. స్థలము మారుట, క్రొత్త మనుష్యులు, క్రొత్త చప్పుళ్లు దానికి బెదరు కలిగించినప్పుడు మరల తలయెత్తును. నెలల తరబడి ఒకయింట ఆరోగ్యముగా నున్న పిల్లి మఱొకయింట వారము తిరుగకుండ తుమ్ముట యిట్టిదే కావచ్చును. ఇందు ఇచ్చినవానిదిని తప్పు లేదు, పుచ్చుకొన్నవానిదిని లేదు. తప్పెవ్వరిదియు కాని కష్టము లోకమున గలదనియు, దానికిని బాధ్యుడు కావలసినవా డొకడుండుననియు మనము నేర్వవలసియున్నది.

అట్లని ఇచ్చువానిని ఊరక విడువరాదు. రోగము కంటికి కానరాదన్న కారణముచేతనే అతని విధులు హెచ్చుచున్నవి. క్రొత్తగా వచ్చిన కూనను తక్కినవానితో కలుపక రెండువారములు వేఱుగ నుంచి చూడవలయును. కూనలకు 6 మొదలు 8 వారముల ప్రాయమున టీకా మొదలిడి, 16 వారములు నిండువఱకు మూడు నాలుగు వారముల కొకమాఱు మరల వేయవలయును. తల్లిపాలవలన వచ్చిన రక్షణ మొదటి టీకాలను పనిచేయనీయకపోవచ్చునని పశువైద్యశాస్త్రము చెప్పుచున్నది. అప్పగించునాటి యుదయమున ఒక సూది పొడిపించి “టీకా అయినది” యనుట సత్యము వలె వినబడు అసత్యము. ఏ టీకా యేనాడు పడినది, ఎన్నడు పురుగులమందు పోసిరి, తోడి కూనలలో ఏదైన చచ్చినదా, ఈ సంగతులు కాగితముమీద వ్రాసి యీయవలయును. తోడిది చచ్చినమాట దాచి మిగిలినదానిని దయాకార్యమను పేరిట అప్పగించువాడు కన్నులు మూసికొని పాలు త్రాగు పిల్లి వంటివాడు. తెలిసి దాచినచోట వైద్యవ్యయ మతనిమీదనే పడవలయుననుటలో మాకు సందేహము లేదు.

ఇక పుచ్చుకొన్నవాని విధులు. క్రొత్త పిల్లిని మొదటి రెండువారములు ప్రత్యేకమైన గదిలో నుంచవలయును. ఇంట పూర్వమే పిల్లులున్నచో ఇది మఱియు ముఖ్యము. రోగము రాకమునుపే, వచ్చిన నాలుగైదు దినములలోపల, పశువైద్యునకు చూపవలయును. కూన ఒక్కదినము తిండి మానినను ఉపేక్షింపరాదు. పెద్ద పిల్లి రెండు మూడు దినములు తినకున్న కాలేయమునకు క్రొవ్వుపట్టి ప్రాణముమీదికి రావచ్చును. మనుష్యుల జ్వరమునకు వాడు పారాసిటమాలు బిళ్లను పిల్లికి వేయుట విషము పెట్టుటయే. కుక్కల గోమార్లకు వాడు పెర్‌మెత్రిను మందు పిల్లికి పూయరాదు. మన యిండ్లలో నేల తుడుచు ఫినాయిలు పిల్లికి హానికరము. పైగా పాన్‌ల్యూకోపీనియా వైరసు దానికి లొంగదు. నేలను ముందు శుభ్రముగా కడిగి, ఇంట వాడు బ్లీచింగు ద్రావణము ఒక పాలునకు 32 పాళ్లు నీరు కలిపి తుడిచినచో నశించును. లేకున్న సంవత్సరమువఱకును అచ్చటనే పొంచియుండగలదు. ఒక కూన చచ్చిన వారమునకే దుఃఖోపశమనముకొఱకు టీకాలు పడని మఱొక కూనను అదే గదికి తెచ్చువారు తెలియక రెండవదానినిగూడ బలియిచ్చుచున్నారు.

శాసన మేమనుచున్నది? న్యూయార్కు రాష్ట్రమందు వ్యాపారి యమ్మిన కుక్కగాని పిల్లిగాని 14 పనిదినములలో రోగగ్రస్తమని పశువైద్యుడు ధ్రువపఱచినచో, కొన్నవాడు దానిని తిరిగియిచ్చి సొమ్ము రాబట్టుకొనవచ్చును. మాఱుగా మఱొకదానిని తీసికొనవచ్చును. లేదా దానిని తనయొద్దనే యుంచుకొని, కొన్నవెలకు మించకుండ వైద్యవ్యయము పొందవచ్చును. అమ్మకమునకు ఇది తగిన న్యాయమే. కాని వెల లేకుండ దత్తత వచ్చినదాని మాట యేమి? వెలయే లేనిచోట వెలకు మించని పరిహారము సున్న. కావున క్రయవిక్రయముల కొలబద్దతో దత్తతను కొలువజాలము.

మన దేశపు శాసనము ఈ విషయమున సూటిగా నున్నది. 1952లో రాజ్యసభకు నియుక్తురాలైన రుక్మిణీదేవి అరండేలు తెచ్చిన బిల్లు త్రోవ తీయగా 1960లో జంతుహింసానివారణ చట్టము వచ్చినది. దాని 3వ విభాగము ప్రకారము, జంతువు ఎవరి సంరక్షణలో నున్నదో వారు దాని క్షేమమునకు తగిన చర్యలన్నియు తీసికొనవలయును; అనవసరమైన బాధ కలుగకుండ చూడవలయును. ఎవరు కొనిరి, ఎవరు ఊరక యిచ్చిరి అని ఆ విభాగము ప్రశ్నింపదు. సరియైన కారణము లేక జంతువును ఆకలిదప్పుల పాలగునట్లు విడిచిపెట్టుట 11వ విభాగము క్రింద నేరము. రోగిష్టి పిల్లిని సంచిలో కట్టి చేపల బజారున విడిచివచ్చువారు ఇది యెఱుగుదురు గాక. అయితే ఆ చట్టము మొదటి నేరమునకు విధించిన జరిమానా 10 మొదలు 50 రూపాయలు. 1960 నాటికది యెంతటి మొత్తమైనను, ఇది నేడెవ్వరిని భయపెట్టును? భూతదయ పౌరుని ప్రాథమిక విధియని 1976 నాటి 42వ సవరణ రాజ్యాంగమునకెక్కించినది. రాజ్యాంగమున నున్నది ఇండ్లలోనికి రావలసియున్నది.

“ఊరక వచ్చినదానికి వేలు పోయుమందురా?” అని కొందఱడుగుదురు. ఊరక వచ్చినది పిల్లి. దాని ఆకలి, దాని రోగము ఊరక రాలేదు. ఆ సంగతి తెచ్చుకొననప్పుడే తెలియవలసినది. “ఇట్లు భారము మోపినచో ఎవ్వరును పిల్లిని చేరదీయరు” అని మఱికొందఱి భయము. ఈ భయములో నిజము గలదు. చాలీచాలని జీతములవా రెందఱో వీథికూనకు గుప్పెడు మెతుకులు పెట్టి బ్రతికించుచున్నారు. వారిని దోషులుగా నిలువబెట్టుట మా యుద్దేశము గాదు. శక్తికి మించిన వైద్యము ఎవ్వరినుండియు కోరరాదు. కాని వైద్యునకు చూపుట, నీరు వెచ్చదనము నిచ్చుట, తనవలన గానిచో ఇచ్చినవానికి వెంటనే తెలిపి చేతికి చేయి అప్పగించుట పేదవానికిని సాధ్యములే. తిరిగి యిచ్చుట తప్పు గాదు, విడిచిపోవుట తప్పు. ఆశ్రయశాలవారును తిరిగివచ్చినదానిని తిట్టక పుచ్చుకొనవలయును.

కావున అప్పగింతనాడే రెండు వాక్యముల ఒడంబడిక వ్రాసికొనుట మేలని మా సూచన. మొదటి 14 దినములలో వ్యాధి బయటపడినచో వైద్యవ్యయము ఇరువురు సగము సగము భరింతురు. సంరక్షణ మాత్రము పుచ్చుకొన్నవానిది. రోగము ఎచ్చట సోకినదో నిశ్చయింపలేనిచోట ఇంతకంటె న్యాయమైన పంపకము మాకు తోచుటలేదు. దీనివలన ఇచ్చువాడు జాగ్రత్తపడును. పుచ్చుకొన్నవాడు వైద్యుని చూడ వెనుదీయడు.

మూడవ భాగస్వామి ప్రభుత్వము. తిరుపతిలోను, రాజేంద్రనగరులోను పశువైద్య విశ్వవిద్యాలయము లున్నవి; గన్నవరమున కళాశాల గలదు. కాని మన ప్రభుత్వ పశువైద్యశాలలు ప్రధానముగా పాడిపశువులకొఱకు వెలసినవి. అది అవసరమే, రైతు గేదె ముందు. అయినను పట్టణ వైద్యశాలలలో పిల్లుల టీకాలు నియతముగా, స్వల్పవ్యయమునకు లభింపజేయుట పెద్దభారము గాదు. ఇందు మనుష్యుల క్షేమమును గలదు: పిల్లి కాటువలనను రేబిసు రావచ్చును, కాటును సబ్బునీటితో పావుగంట కడిగి వైద్యుని యొద్దకు పరుగెత్తవలసినదే.

పిల్లిని చంపిన పాపము గుడి కట్టించినను పోదని మన పెద్దలనిరి. కఱ్ఱతో కొట్టి చంపుట యొకటే చంపుట గాదు. నీవు చూడుము, నీవే చూడుము అని ఇద్దఱును చేతులు ముడుచుకొని కూర్చుండుటయు అట్టిదే.