దిష్టిచుక్కతో పాటు గడియ కూడా

బిడ్డ బుగ్గన దిష్టిచుక్క పెట్టనిదే గడప దాటించని తల్లులు మన ప్రవాసాంధ్ర కుటుంబాలలో నేటికీ ఎందరో ఉన్నారు. కీడు వెలుపలి నుండి, పరుల కంటి నుండి వస్తుందన్న తరతరాల భావన దానికి మూలం. కాని అమెరికాలో మన పసివారికి పొంచి ఉన్న అపాయాలలో పెక్కు మన ఇంటిలోనే, వారి చేతికందే చోటనే ఉన్నాయి.

1 నుండి 4 సంవత్సరాల వయసు గల పిల్లల మరణాలకు ఈ దేశంలో ప్రథమ కారణం ఏ వ్యాధీ కాదు, నీట మునగటం. ఈ దుర్ఘటనలు ఎక్కువగా ఇంటి ఈతకొలనులలోనే సంభవిస్తున్నాయి. మునిగే పసిబిడ్డ సాధారణంగా కేక వేయలేదు, చప్పుడు లేకుండా నీటి అడుగుకు జారిపోతుంది. పెరటిలో పదిమంది పెద్దలున్న వేడుకలో సైతం ఇది జరగవచ్చు. ఎవరో ఒకరు చూస్తూనే ఉన్నారని ప్రతివారూ అనుకోవటమే అక్కడి అపాయం.

ఇక మందుల సంగతి. 1970లో చేసిన చట్టం ఫలితంగా ఇక్కడి మందుసీసాలకు పిల్లలు సులభంగా తెరవలేని మూతలు వచ్చాయి. కాని మనుమలను చూడవచ్చిన తాతయ్య, అమ్మమ్మల చేతిసంచిలోని మాత్రలకు తరచుగా ఆ రక్షణ ఉండదు. మధుమేహానికి వాడే గ్లిమెపిరైడ్ వంటి మాత్ర ఒక్కటి మింగినా రెండేళ్ళ బిడ్డ రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. ఆ లక్షణాలు కొన్ని గంటల తరువాత గాని బయటపడకపోవచ్చు. పూజగదిలోని కర్పూరం బిళ్ళ పసివారి కంటికి మిఠాయివలె కనిపిస్తుంది. అది కొద్దిగా కడుపులోకి పోయినా నిమిషాలలోనే మూర్ఛ రావచ్చు.

"మా ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒకరు కనిపెట్టి ఉంటారు" అన్నది మనవారి సాధారణ సమాధానం. కనిపెట్టి ఉండటం అవసరమే, కాని అది చాలదు. 1966లో అమెరికా ప్రభుత్వ రహదారి భద్రతా సంస్థకు తొలి అధిపతిగా నియమితుడైన వైద్యుడు విలియం హాడన్, గాయాలను విధివిలాసంగా గాక వ్యాధులవలె కారణాలు వెదకి నివారించవలసినవిగా భావించాడు. మనిషి ఏమరుపాటుకు లోనైనా పనిచేసే రక్షణయే మేలైనదని ఆయన వాదం. ఫోను మోగుతుంది, పొయ్యి మీద పాలు పొంగుతాయి, తల్లి కన్ను క్షణం మరలుతుంది. గడియకు ఆ బలహీనత లేదు.

కనుక ఈతకొలనుకు నాలుగు వైపులా కనీసం 4 అడుగుల కంచె, దానంతట అదే మూసుకొని గడియ పడే తలుపు ఉండాలి. పిల్లలు నీటిలో ఉన్నంతసేపు ఒక పెద్దవారు వేరే పని పెట్టుకోక వారినే చూడాలి. మందులు, కర్పూరం ఎత్తున, తాళం గల అలమారలో ఉండాలి. బిడ్డ ఏదైనా మింగినదన్న అనుమానం కలిగితే లక్షణాల కోసం వేచి ఉండక 1-800-222-1222 కు ఫోను చేయాలి. మూర్ఛ వచ్చినా, స్పృహ తప్పినా వెంటనే 911 ను పిలవాలి.

మామగారి మందులపెట్టెను తాళంలో ఉంచమని చెప్పటానికి కోడలు సంకోచించవచ్చు. ఆ మాట కుమారుడే, వారు విమానం దిగిన నాడే, వినయంగా చెప్పాలి. మనుమడి క్షేమం కోసమని తెలిస్తే ఏ తాతగారూ దానిని అమర్యాదగా ఎంచరు.