సంస్కృతవాక్కులో ఇస్లాము : వేరావల్ శాసనసాక్ష్యం

తాజిక నీలకంఠిని పఠించిన జ్యోతిష విద్యార్థికి ఇత్థశాలము, ఈసరాఫము అనే యోగాల పేర్లు కంఠస్థం. అవి ఏ ధాతువు నుండి నిష్పన్నమైనవని అడిగితే మాత్రం వైయాకరణుడు సైతం తటపటాయిస్తాడు. పాణినీయంలో వాటికి చోటు లేదు. అరబ్బీ జ్యోతిష పరిభాషలోని ఇత్తిసాల్, ఇన్‌సిరాఫ్ అనే పదాలకు సంస్కృతం తొడిగిన రూపాలవి. 1587లో నీలకంఠ దైవజ్ఞుడు ఆ గ్రంథాన్ని రచించేనాటికే ఈ పరిభాష పండితలోకంలో పాతబడినది. శాస్త్రవిషయంలో ఇంత నిస్సంకోచంగా అరబ్బీని స్వీకరించిన విద్వల్లోకం, ఆ భాషలో వెలసిన మతాన్ని ఏ మేరకు గ్రహించినది? ఈ ప్రశ్నకు సమాధానం కావ్యాలలో కంటె శాసనాలలోనే స్పష్టంగా దొరుకుతుంది.

మొదట పేర్లను పరిశీలించాలి. సంస్కృత రచనలలో ముస్లిములకు వాడిన పదాలు తాజిక, తురుష్క, పారసీక, యవన, మ్లేచ్ఛ అనేవి. వీటిలో ఒక్కటి కూడా మతవాచకం కాదు. మొదటి మూడు జాతిదేశవాచకాలు. యవనశబ్దం అంతకు వెయ్యేండ్ల క్రిందట గ్రీకులకు ఉద్దేశించినది. చివరిది ఆచారభేదాన్ని సూచించే పాతమాట. మన తెలుగులోని ‘తురక’ శబ్దం కూడా జాతినామం నుండి వచ్చినదే. బ్రజదులాల్ చట్టోపాధ్యాయ 1998లో ప్రకటించిన గ్రంథంలో ఈ పదాలన్నిటిని కూర్చి పరిశీలించి, వాటి వెనుక ‘ముస్లిములు’ అనే ఏకరూపమైన భావన లేదని నిరూపించాడు. దీనిని పట్టుకొని వైరమే లేదని వాదించడం పొరపాటు. ఓరుగల్లు పతనానంతరం ప్రోలయ నాయకుడు వేయించిన విలస తామ్రశాసనం అగ్రహారాల అపహరణాన్ని, ప్రతిమల భంగాన్ని, రైతుల దైన్యాన్ని మిక్కిలి తీవ్రంగా వర్ణిస్తుంది. అయితే అంత ఆగ్రహంతో వ్రాసిన ఆ కవి కూడా ఎదుటివారి విశ్వాసం ఏమిటో విచారించలేదు. ఆయన దూషించినది పాలకుల చేతలను; సిద్ధాంతం ఊసే ఎత్తలేదు. ఎదిరించినవానికి ఎదుటివాని మతం తెలిసే ఉంటుందని అనుకోవడం నేటివారి ఊహ మాత్రమే.

విశ్వాసాన్ని సంస్కృతంలోకి తెచ్చే ప్రయత్నం మొదట చేయించినవాడు, విచిత్రంగా, గజనీ మహమూదు. లాహోరుకు మహమూద్‌పురమని పేరు పెట్టి, 1027-28 ప్రాంతంలో అక్కడ ముద్రింపించిన వెండినాణెంపై ఒకవైపు అరబ్బీలోను, మరొకవైపు నాగరి లిపిలో సంస్కృతంలోను అక్షరాలున్నవి. కలిమాలోని మొదటిభాగానికి ‘అవ్యక్తమేకమ్’ అనీ, రెండవభాగానికి ‘ముహమ్మద అవతార’ అనీ అనువాదం. ‘అవ్యక్తం’ అన్నది చక్కని ఎంపిక. దేవునికి రూపం లేదన్న భావం అందులో ఇమిడినది. ‘అవతారం’ మాత్రం మూలాన్ని తలక్రిందులు చేసినది. రసూల్ అంటే పంపబడినవాడు, దూత. ఇస్లాములో ఆయన మానవుడే, జన్మించి, మరణించినవాడు, నూహు, ఇబ్రాహీము, మూసా, ఈసాల వరుసలో చివరి ప్రవక్త. దైవం దేహం ధరించి దిగివచ్చునన్న భావాన్ని ఆ మతం అంగీకరించదు. సమీకరించరానిదాన్ని సమీకరించి, టంకశాల పండితుడు తన చేతిలో ఉన్న మాటతో పని గడుపుకొన్నాడు.

ఆ పండితుని తప్పుపట్టే ముందు మన వాడుకను కూడా చూసుకోవలసి ఉన్నది. చరిత్ర పాఠ్యగ్రంథాలలో చిరకాలం వాడిన ‘మహమ్మదీయ మతం’ అన్న సమాసం అదే దోషానికి మరొక రూపం. శైవ, వైష్ణవ శబ్దాల పోలికలో ఉపాస్యదేవత పేర మతాన్ని వ్యవహరించినట్లు అది ధ్వనిస్తుంది. మహమ్మదు ఉపాస్యుడు కాడు. ఐరోపీయులు క్రైస్తవశబ్దాన్ని బట్టి కల్పించిన పేరును మనం అనువదించుకొన్నాము. 1875లో సయ్యద్ అహమ్మద్ ఖాన్ అలీగఢ్‌లో స్థాపించిన కళాశాల పేరులోనే ‘మహమ్మడన్’ శబ్దం ఉన్నదనుట నిజమే. అది నాటి ఇంగ్లీషు వాడుక బలాన్ని తెలుపుతుందే గాని, ఆ పదానికి అర్హతను కల్పించదు.

ఇంతకంటె మేలైన అనువాదకుడు రెండు శతాబ్దాల తరువాత సోమనాథంలో కనిపిస్తాడు. మహమూదు 1026లో దోచిన పట్టణమే అది. 1264లో హోర్ముజు నుండి వచ్చిన నౌకావర్తకుడు నూరుద్దీన్ ఫిరూజ్ అక్కడ మసీదు కట్టించి, దాని పోషణకు ఏర్పాట్లు చేశాడు. ఆ దానాన్ని తెలిపే సంస్కృతశాసనం వేరావల్‌లో లభించినది. గుజరాతును ఏలుతున్న వాఘేల అర్జునదేవుని కాలమది. స్థానిక ప్రముఖుల సమక్షంలో భూమి కొన్నాడు. మసీదుకు ఇచ్చిన ఆస్తిలో సమీప దేవాలయాలకు చెందిన స్థలాలు కూడా ఉన్నవి. పాశుపతాచార్యుడు పర వీరభద్రుడు నాటి పట్టణాధికారులలో ఒకడు.

శాసనం విశ్వనాథుని నమస్కారంతో ఆరంభమవుతుంది. ఈ విశ్వనాథుడు కాశీలింగం కాడు. విశ్వరూపుడు, శూన్యరూపుడు అని విశేషణాలు. ‘శూన్యరూప’ అన్న మాటలోని నేర్పు మెచ్చదగినది: శైవునికి, బౌద్ధునికి పరిచితమైన మాటతోనే ప్రతిమారహితుడైన దైవాన్ని చెప్పినది. మహమ్మదు ఇక్కడ అవతారం కాడు, ‘బోధకుడు’. పక్కనే ‘రసూల’ శబ్దం మార్పులేకుండా నిలిచినది. తేదీని రసూల మహమ్మద సంవత్సరం 662, విక్రమ 1320, వలభి 945, సింహ 151 అని నాలుగు శకాలలో చెప్పారు. మసీదు ‘మిజిగితి’ అనీ, ‘ధర్మస్థానం’ అనీ పేర్కొనబడినది. ఒక నూనె గానుగ, రెండు అంగళ్ల ఆదాయం దీపానికి, నీటికి, ఖురాను పఠించేవారికి, ఏటా సున్నం వేయడానికి, నావికుల ఆచారం ప్రకారం జరిపే ఉత్సవాలకు వినియోగించాలి. మిగిలినది మక్కా మదీనాలకు పంపాలి. నిర్వహణ బాధ్యత వహించిన జమాతులలో నావికులు, గానుగవారు, సున్నపుపనివారు ఉన్నారు. ‘ముసలమాన’ శబ్దం కూడా ఇక్కడ సంస్కృతంలో కనబడుట విశేషం. యుద్ధంలో ఎదురుపడిన కవికి తురుష్కుడే కనిపించాడు. పొరుగున వ్యాపారం చేసే లేఖకునికి ముసల్మాను పరిచయమైనాడు.

ఇక్కడితో ఆగితే మతసామరస్యానికి మనోహరమైన ఉదాహరణ దొరికినట్లే. పలువురు వ్యాసకర్తలు ఇక్కడే ఆగుతారు. కాని ఈ దానానికి అరబ్బీ శాసనం కూడా ఉన్నది. సంస్కృతపాఠాన్ని 1882లో హుల్ట్ష్ ప్రకటించగా, అరబ్బీపాఠాన్ని 1961లో జియావుద్దీన్ దేశాయి పరిష్కరించాడు. అందులో విశ్వనాథుడు లేడు, శూన్యరూపుడు లేడు. ఫిరూజును ఘనబిరుదులతో పొగిడి, సోమనాథ పట్టణాన్ని దైవం ఇస్లాము నగరాలలో ఒకటిగా చేయుగాక, అవిశ్వాసాన్ని, విగ్రహాలను తొలగించుగాక అన్న ప్రార్థన కలదు. ఒకే దాత, ఒకే దానం. పొరుగువారికి ఒక భాషలో, తనవారికి మరొక భాషలో.

దీనిని కపటమని తేల్చివేయడం సులభం. అప్పుడు సంస్కృతశాసనంలోని గానుగ, అంగళ్లు, పాశుపతాచార్యుని భాగస్వామ్యం లెక్కకు రాకుండా పోతాయి. అరబ్బీ మాటలు ఆ భాషలోని మసీదు శాసనాలకు అలవాటైన ఆశీర్వచనపు మూస అని కొట్టివేయడం కూడా అంతే సులభం. మూసలోనైనా అర్థం ఉంటుంది. తన మతం వ్యాపించాలని కోరుతూనే, కోరిక నెరవేరని ఊరిలో ఇరుగుపొరుగుతో ఒడంబడిక చేసుకొని ధర్మంగా మెలిగినవాడు ఫిరూజు. అటువంటివారు ఏ మతంలోనైనా ఉన్నారు. ఆయనను సామరస్యమూర్తిగానో శత్రువుగానో మలచదలచినవారు మాత్రం రెండు శిలలలో ఒకదానిని దాచవలసి వస్తుంది.

అల్‌బిరూని ఈ పనిని మరొక దిశనుండి చేశాడు. మహమూదు దండయాత్రల కాలంలోనే సంస్కృతం నేర్చి, పాతంజలాన్ని అరబ్బీలోకి మార్చి, 1030 ప్రాంతంలో హిందువుల శాస్త్రాలపై బృహద్గ్రంథం రచించాడు. ఇస్లామును గురించి దానికి దీటైన సంస్కృతగ్రంథం కనబడదు. దారా షుకో రచన సంస్కృతరూపమైన సముద్రసంగమం పరిభాషలను పక్కపక్కన పేర్చినది గాని, అది ముస్లిం రాకుమారుని చొరవ. మన పక్షాన ఆ లోటును కొంత తీర్చినవాడు చిలుకూరి నారాయణరావు. ఆయన ఆంధ్రభాషాచరిత్రను ఉదహరించని తెలుగు శాఖ లేదు. ఆయనే ఖురానును తెలిగించాడన్న సంగతి తెలిసినవారు ఎందరు?

ప్రాచ్యవిద్య అనే మాటలో అరబ్బీ, పారశీకాలు కూడా చేరి ఉన్నవి. సంస్కృతాంధ్ర శాఖలలో చదివేవారందరూ అరబ్బీ నేర్వాలనుట సాధ్యం కాదు. శాసనపాఠం బోధించే చోట వేరావల్ సంస్కృతశాసనాన్ని పెట్టినపుడు, అరబ్బీ శాసనానికి తెలుగు అనువాదాన్ని ఎదుటిపుటలో ముద్రించుట సాధ్యమే. తాజికం చెప్పే అధ్యాపకుడు ఇత్థశాలం పక్కన ఇత్తిసాల్ అని వ్రాయడానికి పట్టేది ఒక్క నిమిషం.