పౌర సమాచార అధికారి చేతిలోని తక్కెడ

ప్రభుత్వ కార్యాలయంలో పౌర సమాచార అధికారి అన్నది విడి ఉద్యోగం కాదు, ఉన్న ఉద్యోగానికి తోడయ్యే బాధ్యత. సమాచార హక్కు చట్టం 2005 అక్టోబరు 12న పూర్తిగా అమల్లోకి వచ్చింది. ప్రతి కార్యాలయమూ తన అధికారుల్లోంచే ఒకరిని ఈ పనికి నియమించాలన్నది అందులోని ఐదో సెక్షన్. మండలంలో ఆ ఒకరు చాలాచోట్ల తహసీల్దారో, డిప్యూటీ తహసీల్దారో అవుతారు. పొద్దున ధ్రువపత్రాలు, మధ్యాహ్నం గట్టు తగాదాలు, సాయంత్రం పై అధికారుల వీడియో కాన్ఫరెన్సు. వీటి సందుల్లో స.హ. చట్టం దరఖాస్తులు. గోడకు తగిలించిన బోర్డు మీద ఆయన పేరు, అప్పీలు అధికారి పేరు ఉంటాయి. బదిలీ అయిపోయిన మనిషి పేరే ఏళ్ల తరబడి వేలాడే బోర్డులూ తక్కువేం కాదు.

పనికి చట్టం గీసిన గీతలు స్పష్టంగానే ఉన్నాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2005లో చేసిన నిబంధనల ప్రకారం గ్రామస్థాయి కార్యాలయంలో దరఖాస్తుకు రుసుము లేదు. మండలంలో 5 రూపాయలు, ఆపైన 10. సమాచారం ఎందుకని దరఖాస్తుదారును అడగకూడదు. రాయలేనివారు నోటితో చెబితే రాసుకోవడానికి సాయపడాలి. అడిగింది వేరే కార్యాలయానిదైతే 5 రోజుల్లో అక్కడికి పంపాలి. 30 రోజుల్లో జవాబివ్వాలి; ఒకరి ప్రాణానికో, స్వేచ్ఛకో సంబంధించినదైతే 48 గంటల్లోనే. గడువు దాటితే నిరాకరించినట్టే లెక్క. ఆ తర్వాత ఇచ్చే నకళ్లకు పైసా తీసుకోకూడదు. సరైన కారణం లేకుండా ఆలస్యం చేస్తే రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 దాకా జరిమానా. దాన్ని కార్యాలయం కట్టదు, అధికారి సొంత డబ్బులోంచి పోవాల్సిందే.

అసలు కష్టం కాగితం దొరకడంలో ఉంది. ఫైలు ఏ బీరువాలో, ఏ మూటలో ఉందో తెలిసింది తరచుగా ఒక్క గుమస్తాకే. ఆయన సెలవు పెడితే 30 రోజుల్లో పది కరిగిపోతాయి. అందుకే చట్టం తోటి అధికారి సాయం కోరే వీలు కల్పించింది. సాయం చేయనివారు తామే సమాచార అధికారి అయినట్టు బాధ్యత మోయాలంది. లేని సమాచారాన్ని కొత్తగా తయారుచేసి ఇవ్వనక్కర్లేదని జవాబు పత్రాల కేసులో సుప్రీంకోర్టు 2011లోనే తేల్చింది. ఈ తీర్పును కవచంగా వాడుకునే కార్యాలయాలు ఎక్కువ. విద్యార్థులు తమ జవాబు పత్రాలు తాము చూసుకోవచ్చని అదే తీర్పు చెప్పిన సంగతిని మాత్రం అంతగా తలుచుకోవు.

వెతుకులాట ముగిశాక మొదలయ్యేది తూకం. దరఖాస్తుల్లో చాలావరకు మరో మనిషిని తాకుతాయి. పింఛన్ల జాబితా కావాలంటే అందులో ముసలివాళ్ల పేర్లు, ఖాతా నంబర్లు ఉంటాయి. ఉపాధ్యాయుడి వికలాంగ ధ్రువపత్రం కావాలంటే అందులో ఆయన వైద్య వివరాలుంటాయి. అడిగింది బదిలీలో వెనకబడిన తోటి ఉపాధ్యాయుడైతే, అక్కడ కడుపుమంట ఎంతో ప్రజాప్రయోజనం ఎంతో అధికారి తేల్చుకోవాలి. అది కూడా ఎందుకని అడగకుండా! వివరాలిచ్చిన మూడో మనిషి వాటిని గోప్యంగా భావించినట్టయితే 5 రోజుల్లో ఆయనకు నోటీసు పంపి, అభిప్రాయం చెప్పుకోవడానికి 10 రోజులు ఇవ్వాలి. ఆయన వద్దన్నాడు కాబట్టి ఇవ్వం అనడం చట్టం కాదు. ఆయన మాట విని నిర్ణయించాల్సింది అధికారే.

ఇవ్వదగ్గదీ ఇవ్వకూడనిదీ ఒకే పేజీలో కలిసి ఉంటే పదో సెక్షన్ ప్రకారం రెండోదాన్ని తొలగించి మొదటిది ఇవ్వాలి. చూడటానికి చిన్న పనే. అసలు కాగితం మీద గీత పడకూడదు. నకలు తీసి, దాని మీద ఆధార్ నంబరు కొట్టేసి, మళ్లీ జిరాక్సు తీయాలి. నల్ల సిరా పూసిన కాగితాన్ని అలాగే ఇస్తే వెలుతురుకు పట్టినప్పుడు అంకెలు కనిపించవచ్చు. నాలుగు వందల పేజీల జాబితా మీద ఈ పని చేసే ఓపిక లేకనే మొత్తం జాబితాను నిరాకరించడం పరిపాటి అయింది.

ఈ తూకానికి ఆధారంగా ఉండేది చట్టంలోని 8(1)(జె). 2025 నవంబరు దాకా ఉన్న పాత వాక్యం పొడవైనదే అయినా అందులో న్యాయం ఉండేది. ప్రజా కార్యకలాపంతో సంబంధం లేని వ్యక్తిగత సమాచారాన్నీ, ఒకరి ఏకాంతంలోకి అకారణంగా చొరబడే సమాచారాన్నీ ఆపే వీలుండేది; విశాల ప్రజాప్రయోజనం ఉందని సమాచార అధికారికి తోస్తే అదీ ఇచ్చే వీలుండేది. పార్లమెంటుకో శాసనసభకో కాదనలేని సమాచారాన్ని మామూలు మనిషికీ కాదనకూడదన్న ఒక ముక్తాయింపు కూడా ఉండేది.

న్యాయస్థానాలు ఈ వాక్యాన్ని రెండు వైపులా లాగాయి. ఉద్యోగి పనితీరు, క్రమశిక్షణ చర్యలు, ఆస్తుల వివరాలు వ్యక్తిగతమేనని 2012లో గిరీశ్ రామచంద్ర దేశ్‌పాండే కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు నకలు నిరాకరణ జవాబులకు కొమ్ముకాస్తూ వచ్చింది. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించింది. 2019 నవంబరు 13న ఐదుగురు న్యాయమూర్తులు ప్రధాన న్యాయమూర్తి కార్యాలయమూ సమాచార చట్టం కిందికే వస్తుందంటూ, తెలుసుకునే హక్కునూ గోప్యతనూ ఏ కేసుకు ఆ కేసు తూచాలన్నారు. భర్త జీతం తెలుసుకునే హక్కు భార్యకు ఉందని 2018లో మధ్యప్రదేశ్ హైకోర్టు చెప్పింది. 1978లో బీఏ పరీక్ష రాసినవారి రిజిస్టరును చూపించమని కేంద్ర సమాచార కమిషనర్‌గా మాడభూషి శ్రీధర్ 2016లో ఢిల్లీ విశ్వవిద్యాలయాన్ని ఆదేశించారు. ప్రధాని చదువు ప్రస్తావనతో దేశమంతా చర్చకెక్కిన ఆ ఉత్తర్వును ఢిల్లీ హైకోర్టు 2025 ఆగస్టులో కొట్టేసింది. గోప్యత వైపు మొగ్గు పాత వాక్యం ఉన్న రోజుల్లోనే కనిపించిందన్నమాట. అయినా తక్కెడ అప్పటికి అధికారి చేతిలోనే ఉంది.

డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023 ఆగస్టులో వచ్చింది. దాని 44(3) సెక్షన్ 2025 నవంబరులో అమల్లోకి రావడంతో పాత వాక్యం పోయి, వ్యక్తిగత సమాచారానికి సంబంధించినదైతే ఇవ్వనక్కర్లేదన్న ఒక్క ముక్క మిగిలింది. ప్రజా కార్యకలాపం, అకారణ చొరబాటు, శాసనసభ పోలిక, అన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. కొత్త చట్టం లెక్కలో మనిషిని గుర్తుపట్టగలిగే ఏ సమాచారమైనా వ్యక్తిగత డేటాయే. ఆ కొలతతో చూస్తే హాజరు పట్టీ వ్యక్తిగతం, కాంట్రాక్టరు పేరు వ్యక్తిగతం, చివరికి ఫైలు మీద సంతకం కూడా వ్యక్తిగతమే.

తెలుసుకునే హక్కుకూ గోప్యత హక్కుకూ పొసగదని అనుకోనక్కర్లేదు. కెనడాలో సమాచార చట్టమూ గోప్యత చట్టమూ 1983 జులై 1న ఒకేరోజు అమల్లోకి వచ్చాయి. చాలా శాఖల్లో రెండింటినీ ఒకే విభాగం చూస్తుంది. అక్కడి గోప్యత చట్టం ప్రభుత్వోద్యోగి హోదా, బాధ్యతలు, జీతశ్రేణి సమాచార దరఖాస్తుల విషయంలో వ్యక్తిగతం కాదని నిర్వచనంలోనే చెప్పేసింది. గుమస్తా ఊహించుకోవాల్సిన అవసరం లేదు. మన డేటా చట్టం రాసినవారు అలాంటి ఒక్క వాక్యం చేర్చి ఉంటే సగం గొడవ ఉండేది కాదు.

పైగా సమాచార చట్టంలోని నాలుగో సెక్షన్‌ను ఎవరూ ముట్టుకోలేదు. ఎవరూ అడగకముందే కార్యాలయం బయటపెట్టాల్సిన 17 అంశాలు అందులో ఉన్నాయి. అధికారుల పేర్ల పట్టిక, ఒక్కొక్కరి నెలజీతం, సబ్సిడీ పొందినవారి వివరాలు, రాయితీలూ పర్మిట్లూ అందుకున్నవారి వివరాలు. గోడ మీద రాయాల్సిన సంగతినే దరఖాస్తు పెడితే వ్యక్తిగతమని ఆపే వింత ఇక్కడ పుట్టింది.

సమాచార హక్కు పేర్లతోనే పుట్టిందని మరిచిపోకూడదు. 1990ల్లో రాజస్థాన్ పల్లెల్లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ జనం ముందు మస్టర్లు చదివించింది. చనిపోయినవాళ్లూ, ఊళ్లో లేనివాళ్లూ కూలి తీసుకున్నట్టు అలా బయటపడింది. ఆంధ్రప్రదేశ్ 2006 నుంచి ఉపాధి హామీలో సామాజిక తనిఖీని ప్రభుత్వమే చేపట్టి పేరు తెచ్చుకుంది. తనిఖీ బృందం ఇంటింటికీ వెళ్లి ఫలానా ఆమె ఇన్ని రోజులు పనిచేసిందా, ఇంత కూలి ముట్టిందా అని అడిగేది. పేరు కొట్టేసిన మస్టరుతో ఆ ప్రశ్న వేయడం కుదరదు.

దారి పూర్తిగా మూసుకుపోలేదని ప్రభుత్వం చెబుతుంది. నష్టం కంటే ప్రజాప్రయోజనం ఎక్కువైతే సమాచారం ఇవ్వవచ్చన్న 8(2) అలాగే ఉంది, నిజమే. అయితే పాత 8(1)(జె)లో తూచే అధికారం సమాచార అధికారిది. 8(2)లో అది ప్రభుత్వ సంస్థది. కింది కుర్చీలోని అధికారి ఇకపై ఫైలు పైకి పంపి ఎదురుచూడాలి. ఇవ్వకపోతే దరఖాస్తుదారు అప్పీలుకు వెళ్లవచ్చు. రెండో అప్పీళ్లు వినాల్సిన తెలంగాణ సమాచార కమిషన్‌లో 2023 ఫిబ్రవరి తర్వాత రెండేళ్లకు పైగా కమిషనర్లే లేరు. నిరాకరణ సరైనదేనని రుజువు చేసే భారం 19(5) ప్రకారం ఇప్పటికీ సమాచార అధికారిదే. ఫైలు పైనున్నంతకాలం 30 రోజుల గడువు ఆగదు. ఆలస్యానికి రోజుకు 250 రూపాయలు కట్టాల్సింది కూడా ఆయనే.