చట్టం ఢిల్లీలో, బిళ్ల పొట్లంలో!

అర్ధవీడు: సంక్రాంతికో, తిరునాళ్లకో కబడ్డీ పోటీలు జరగని ఊరు మన పశ్చిమ ప్రాంతంలో అరుదు. అలాంటి పోటీల్లో ఒకసారి మా కళ్లెదుటే ఒక కుర్రవాడి చీలమండ వాచింది. ఎవరో సూది వేయించి తీసుకువచ్చారు. అరగంటలో మళ్లీ బరిలో దిగాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ సూది ఏ మందో అడిగిన వారు లేరు. అడగాలని ఈ విలేఖరికీ తోచలేదు.

ఊరి పోటీ వరకు అడిగేవారు ఉండరు. కాని ఆ కుర్రవాడే రేపు రాష్ట్ర జట్టులో చేరి జాతీయ పోటీలకు వెళితే, ఆట ముగియగానే మూత్రం నమూనా ఇవ్వమనవచ్చు. నొప్పికి, వాపుకు వేసే స్టెరాయిడ్ సూదిమందులు పోటీ సమయంలో నిషిద్ధం. మందు ఒంట్లో కనబడితే బాధ్యత క్రీడాకారుడిదే. తెలియక వాడానంటే సరిపోదు, అది ఎలా వచ్చిందో నిరూపించుకునే భారమూ అతనిదే. తొలి తప్పుకే నాలుగేళ్ల దాకా నిషేధం పడవచ్చు. ఆటగాడి జీవితంలో నాలుగేళ్లంటే మాటలు కాదు.

ఈ విషయమై పార్లమెంటు శ్రద్ధ చూపకపోలేదు. 2021 డిసెంబరులో లోక్‌సభలో ప్రవేశపెట్టిన డోపింగ్ నిరోధక బిల్లును స్థాయీ సంఘం పరిశీలించింది. 2022లో ఉభయ సభలూ ఆమోదించగా అది చట్టమైంది. జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ (నాడా)కు చట్టబద్ధత వచ్చింది, సోదాలు చేసే అధికారం వచ్చింది. 2025లో చట్టాన్ని సవరించి, అప్పీళ్లు వినే మండలి స్వతంత్రతకు ఏర్పాటు చేశారు.

అయినా పరువు దక్కలేదు. 2024లో మన దేశంలో 7,113 పరీక్షలు జరిపితే 260 నమూనాలలో నిషిద్ధ పదార్థాలు బయటపడ్డాయి. అంటే నూటికి 3.6. అయిదు వేలకు పైగా పరీక్షలు జరిపిన దేశాలలో వరుసగా మూడో ఏడు మనదే మొదటి స్థానం. 2030లో అహ్మదాబాదులో కామన్వెల్త్ క్రీడలు జరపబోయే దేశానికి ఇది సిగ్గుచేటు.

ఆ 260లో తెలిసి తప్పు చేసినవారు ఉండవచ్చు. వారిని వదలమని ఎవరూ అనరు. తెలిసి సూది పొడిచే కోచ్‌ను మరింత గట్టిగా శిక్షించాలి. మన బాధ తెలియక దెబ్బ తినే పల్లె పిల్లవాడి గురించే. మందు పేరు కొడితే నిషిద్ధమో కాదో చెప్పే యాప్‌ను 2024లో నాడా తెచ్చింది. మంచిదే. కాని మన ఊళ్లలో ఆర్.ఎం.పి. డాక్టరు కాగితం పొట్లంలో కట్టిచ్చే మూడు రంగుల బిళ్లలకు పేరేది? పేరే తెలియని మందును ఏ యాప్‌లో వెతకాలి? కండలు పెరుగుతాయని డబ్బాల్లో అమ్మే పొడిలో ఏం కలిపారో అట్ట మీద చూసి చెప్పగలవారెవరు?

అవగాహన కల్పించడం నాడా విధుల్లో ఒకటని చట్టమే చెప్పింది. ఆ పని ఢిల్లీ స్టేడియం దగ్గర ఆగిపోరాదు. మండల స్థాయి పాఠశాల పోటీలకు ముందు డ్రిల్లు మాస్టార్లకు ఒక్క రోజు శిక్షణ ఇస్తే చాలు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, మందుల షాపులో తెలుగులో ఒక పట్టిక అంటించాలి. ఆటగాడినని చెప్పిన వారికి మందు పేరు చీటీ మీద రాసి ఇవ్వాలి. వీటికి లక్షలు అక్కరలేదు.

శ్రీకాకుళం జిల్లా పల్లె నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. వరంగల్లు జిల్లా కల్లెడ కూలీల బిడ్డ జీవాంజి దీప్తి 2024లో పారిస్ పారాలింపిక్స్‌లో పతకం గెలిచింది. రేపు నల్లమల అంచున ఉన్న మన ఊళ్ల నుంచీ ఒకరు వెళ్లవచ్చు. ఆ బిడ్డ పతకాన్ని ఒక పేరులేని బిళ్ల కాజేయకుండా చూడవలసిన బాధ్యత అధికారులది. సూది వేయించే ముందు అదేం మందని అడగవలసిన బాధ్యత మనందరిది.