పిలిస్తే వచ్చే డిస్కు

కిందటి సంచికలో సంఘం పాత కార్యక్రమాల వీడియోలను ఒకచోట చేర్చే పని గురించి రాశాము. అది చదివి అరడజను మంది సభ్యులు ఫోను చేశారు. అందరి ప్రశ్నా ఇంచుమించు ఒక్కటే. "బేస్‌మెంటులో ఒక పెట్టె పెట్టి ఫోటోలు, వీడియోలు అన్నీ దాన్లో పోశాము. ఇంట్లో మిగతా కంప్యూటర్లలో అది ఒకరోజు కనబడుతుంది, ఒకరోజు కనబడదు. పెట్టె ఆపి ఉంటే పైగదిలో కంప్యూటరు ఒక పట్టాన లేవదు. ఏం చెయ్యమంటారు?" ఈ నెల శీర్షిక ఆ ప్రశ్నకే ఇస్తున్నాము. లినక్సు వాడేవారి కోసం రాస్తున్నాము. మన పిల్లల పుణ్యమా అని మన ఇళ్ళల్లో వారి సంఖ్య తక్కువేమీ కాదు.

ముందు మౌంటు అంటే ఏమిటో చెప్పుకోవాలి. లినక్సులో ఫైళ్ళన్నీ ఒకే చెట్టు. వేరే డిస్కులోనో, వేరే యంత్రంలోనో ఉన్న ఫైళ్ళను ఈ చెట్టుకు మామిడి అంటు కట్టినట్టు కట్టడమే మౌంటు చెయ్యడం. ఆ అంటు కట్టడానికి ముందుగా ఒక ఖాళీ డైరెక్టరీ ఉండాలి. అంటు ఊడిపోయినా ఆ ఖాళీ డైరెక్టరీ అక్కడే ఉంటుంది. ఈ చివరి మాట గుర్తుంచుకోండి, దీనితో మళ్ళీ పని ఉంది.

మామూలుగా ఈ అంటు కట్టే పని కంప్యూటరు లేచేటప్పుడే జరుగుతుంది. ఈటీసీ డైరెక్టరీలో ఎఫ్‌ఎస్‌ట్యాబ్ అనే ఫైలులో ఏది ఎక్కడ కట్టాలో రాసి ఉంటుంది. ఆసుపత్రి చార్టులో "రోజుకు మూడు పూటలా" అని రాసే మందు వంటిది ఇది. రోగికి నొప్పి ఉన్నా లేకపోయినా నర్సు తెచ్చి ఇస్తుంది. రెండో పద్ధతి కూడా మన వైద్యులందరికీ తెలిసినదే. దేశంలో ఉండగా ఎస్‌ఓఎస్ అని రాసేవాళ్ళం, ఇక్కడ పీఆర్‌ఎన్ అంటారు, అంటే అవసరమైతేనే ఇమ్మని. డిస్కులకు ఆ రెండో పద్ధతినే ఆటోమౌంటు అంటారు. ఎవరైనా ఆ డైరెక్టరీలోకి అడుగు పెట్టినప్పుడే అంటు కడుతుంది, కొంతసేపు ఎవరూ ముట్టుకోకపోతే తానే విప్పేస్తుంది. అటక మీది గంగాళాన్ని పెళ్ళికి దించి, మళ్ళీ పైకి ఎక్కించినట్టు.

కంప్యూటరు త్వరగా లేస్తుందన్న సుఖం కోసమే అయితే దీని మీద ఒక సంచిక ఖర్చు పెట్టేవాళ్ళం కాదు. అసలు కారణం వేరే ఉంది. 2022 మే 21న ఒంటారియో, క్విబెక్‌ల మీదుగా పెద్ద గాలివాన పోయింది, చాలామంది ఇళ్ళల్లో కరెంటు రోజుల తరబడి లేదు. మన సభ్యులలో ఒకరి ఇంట్లో కరెంటు వచ్చాక పైగదిలో కంప్యూటరు లేచింది, బేస్‌మెంటులో పెట్టె లేవలేదు. పెట్టె లేదు కనుక అంటు కట్టలేదు. కానీ ఖాళీ డైరెక్టరీ ఉన్నది కదా! ప్రతి ఆదివారం రాత్రి రికార్డింగులను పెట్టెలోకి నకలు తీసే ఏర్పాటు ఒకటి ఉండేది. అది యథావిధిగా లేచి, ఆ ఖాళీ డైరెక్టరీలోకి నకలు తీసి, "పని పూర్తి అయినది" అని రాసి పడుకుంది. అంటే నకలు కూడా అసలు ఉన్న డిస్కు మీదే పడింది. వేసవి అంతా ఇలాగే నడిచింది. శరత్కాలంలో ఆ డిస్కు పాడయింది. అసలూ పోయింది, నకలూ పోయింది. ఆ వేసవిలో చూడవచ్చిన పెద్దవాళ్ళతో పిల్లలు మాట్లాడి రికార్డు చేసిన సంభాషణలు అందులో ఉన్నాయి. కొన్ని ఒకరి ఫోనులో దొరికాయి. తెనాలి నుంచి వచ్చిన ఒక మామ్మగారు తన పెళ్ళినాటి ప్రయాణం గురించి చెప్పినవి మాత్రం దొరకలేదు. ఆవిడ మళ్ళీ వచ్చి చెప్పే అవకాశం లేదు.

ఆటోమౌంటు పెట్టి ఉంటే ఏం జరిగేదో చూడండి. నకలు తీసే ప్రోగ్రాము ఆ డైరెక్టరీ తలుపు తట్టగానే కెర్నెలు దాన్ని అక్కడే నిలబెడుతుంది. ఆటోమౌంట్ అనే సేవకుడికి కబురు పెడుతుంది. అతను తన పట్టిక చూసి పెట్టెను పిలుస్తాడు. పెట్టె పలికితే అంటు కట్టి ప్రోగ్రామును లోపలికి వదులుతాడు. పలకకపోతే "అలాంటిదేదీ లేదు" అని ఎర్రరు ఇస్తాడు. ఖాళీ డైరెక్టరీలోకి దొడ్డిదారిన పోవడానికి వీలుండదు. ఆదివారం రాత్రి ఎర్రరు వస్తే సోమవారం ఎవరో ఒకరు చూస్తారు. లేనిదాన్ని లేదని చెప్పడం చిన్న గుణంగా కనబడుతుంది గానీ, ఈ ఏర్పాటులో మాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది అదే.

ఇది కొత్త సంగతి కాదు. 1980లలో సన్ మైక్రోసిస్టమ్స్ వాళ్ళు ఎన్‌ఎఫ్‌ఎస్ అనే పద్ధతితో ఒక యంత్రపు ఫైళ్ళను ఇంకో యంత్రంలో చూపించడం మొదలుపెట్టారు. ఒక సర్వరు పడిపోతే దాన్ని నమ్ముకున్న యంత్రాలన్నీ కొయ్యబారిపోయేవి. ఆ బాధ పడలేకే 1988లో ఆటోమౌంటరు తెచ్చారు. లినక్సుకు 1997లో పీటర్ ఆన్విన్ ఆటోఎఫ్‌ఎస్ రాశాడు. సన్ కంపెనీ 2010లో ఒరాకిల్‌లో కలిసిపోయింది, ఈ పద్ధతి మాత్రం నిలిచింది. మ్యాకింటాష్‌లో కూడా ఉన్నది.

ఇక ఎలా పెట్టుకోవాలో చెబుతాము. మన స్టెన్సిలు మీద తెలుగే కనుక ఇంగ్లీషు పేర్లను వినబడినట్టు రాస్తున్నాము. కీబోర్డు మీద ఇంగ్లీషులోనే కొట్టండి, అన్నీ చిన్న అక్షరాలే.

ఆటోఎఫ్‌ఎస్ అనే ప్యాకేజీ ఎక్కించండి. ఈటీసీలో ఆటో డాట్ మాస్టర్ అనే ఫైలు వస్తుంది. అందులో ఒక వరుస చేర్చాలి. మొదట అంటు కట్టవలసిన చోటు, స్లాష్ ఆర్కైవ్ అనుకోండి. తరువాత పట్టిక ఫైలు, స్లాష్ ఈటీసీ స్లాష్ ఆటో డాట్ ఆర్కైవ్. చివర రెండు హైఫన్లు పెట్టి టైమౌట్ ఈక్వల్స్ 300. అంటే 300 సెకన్లు ఎవరూ ముట్టుకోకపోతే విప్పెయ్యమని. ఇప్పుడు ఆ పట్టిక ఫైలు తయారు చేసి, ఒక్కొక్క డైరెక్టరీకి ఒక్కొక్క వరుస రాయాలి. పిలవవలసిన పేరు, తరువాత షరతులు, తరువాత అసలు చోటు. పేరు "ఉగాది" అనుకుంటే, షరతులు ఒక హైఫన్‌తో మొదలై ఎఫ్‌ఎస్‌టైప్ ఈక్వల్స్ ఎన్‌ఎఫ్‌ఎస్, కామా, ఆర్‌ఓ అని ఉంటాయి. కామాల మధ్య ఖాళీ వదలకూడదు. అసలు చోటుకు పెట్టె పేరు, కోలన్, పెట్టెలో ఉన్న డైరెక్టరీ. ఆ తరువాత సిస్టమ్‌సీటీఎల్‌తో ఆటోఎఫ్‌ఎస్‌ను మళ్ళీ లేపండి. అంతే. పీఆర్‌ఎన్ అని ఊరికే రాసి, ఏ మందు, ఎంత, ఎన్ని గంటలకు ఒకసారి అన్నది రాయకపోతే నర్సు రాత్రి రెండింటికి మనకే ఫోను చేస్తుంది. ఇక్కడా అంతే, మూడు గడులూ నిండాలి.

ఒక తిరకాసు ఉంది. ఆ పట్టిక ఫైలుకు ఎగ్జిక్యూట్ అనుమతి ఉండకూడదు. ఉంటే ఆటోఎఫ్‌ఎస్ దాన్ని పట్టికగా చదవకుండా ప్రోగ్రాముగా నడపబోతుంది. ఫలితం శూన్యం. విండోస్ డిస్కు నుంచి నకలు తెచ్చుకున్న ఫైళ్ళకు ఈ అనుమతి తరచు తగులుకుని వస్తుంది. ఎందుకు పని చెయ్యడం లేదో అంతుపట్టకపోతే, ఆ సేవను ఆపి, ఆటోమౌంట్ అని కొట్టి హైఫన్ ఎఫ్, హైఫన్ వి తగిలించి నడపండి. ఏం చేస్తున్నాడో ఎదురుగా నిలబడి చెబుతాడు.

ఒకటి రెండు డైరెక్టరీలే ఉన్నవారికి ఇంత కూడా అక్కరలేదు. ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో ఉన్న వరుసకే నోఆటో, ఎక్స్ హైఫన్ సిస్టమ్‌డీ డాట్ ఆటోమౌంట్ అనే రెండు షరతులు చేర్చితే చాలు. కానీ అక్కడ తానుగా విప్పడం ఉండదు. అది కూడా కావాలంటే ఎక్స్ హైఫన్ సిస్టమ్‌డీ డాట్ ఐడిల్ హైఫన్ టైమౌట్ అని వ్యవధి ఇవ్వాలి.

పెద్దవాళ్ళు ఉన్న ఇళ్ళల్లో ఇంకొక సంగతి చూసుకోవాలి. ఆటోఎఫ్‌ఎస్ పెట్టాక స్లాష్ ఆర్కైవ్ తెరిస్తే ఖాళీగా కనబడుతుంది, ఎందుకంటే ఇంకా ఎవరూ దేన్నీ పిలవలేదు. "ఫోటోలన్నీ పోయాయి నాయనా" అని మామగారు ఆఫీసుకు ఫోను చేస్తారు. మాస్టర్ ఫైలులో రెండు హైఫన్లతో ఘోస్ట్ అన్న మాట చేర్చండి. అప్పుడు పేర్లు ముందే కనబడతాయి, లోపలికి వెళ్ళినప్పుడే అంటు కడుతుంది. దయ్యం అని పేరు పెట్టారు గానీ మంచి దయ్యమే.

పెట్టె విండోస్ పద్ధతిలో పంచుతూ ఉంటే ఎఫ్‌ఎస్‌టైప్ దగ్గర సీఐఎఫ్‌ఎస్ అని రాసి, ఐఓక్యారెసెట్ ఈక్వల్స్ యూటీఎఫ్8 అని కూడా చేర్చండి. లేకపోతే తెలుగులో పేర్లు పెట్టుకున్న ఫైళ్ళు ప్రశ్నార్థకాల వరుసగా కనబడవచ్చు. పట్టికలో పిలిచే పేర్లు మాత్రం ఖాళీలు లేకుండా, ఇంగ్లీషు అక్షరాలతో పొట్టిగా ఉండడమే మేలు. లోపల ఎంత తెలుగైనా రాసుకోండి.

సాఫ్ట్, హార్డ్ అనే షరతుల గురించి ఇద్దరు అడిగారు. ఎన్‌ఎఫ్‌ఎస్‌లో మనం ఏమీ చెప్పకపోతే హార్డే. పెట్టె పలికేదాకా కదలకుండా ఎదురు చూస్తుంది. సాఫ్ట్ అయితే కొంతసేపు చూసి ఎర్రరు ఇచ్చి వదిలేస్తుంది. చదవడానికి మాత్రమే అయిన ఫోటోలకు సాఫ్ట్ పెట్టుకోవచ్చు. రాసే చోట సాఫ్ట్ పెట్టవద్దని మా గట్టి అభిప్రాయం, సగం రాసిన ఫైలు మిగిలిపోతుంది. అయితే హార్డ్‌గా అంటు కట్టి ఉన్న సమయంలోనే పెట్టె పడిపోతే, వాడుతున్న ప్రోగ్రాము కొయ్యబారక తప్పదు. దానికి ఆటోమౌంటు మందు కాదు. వైరస్‌కు కూడా కాదు. ఫైళ్ళను తాళం వేసి డబ్బులడిగే ప్రోగ్రాము తలుపు తట్టినా ఈ సేవకుడు అంతే వినయంగా తెరుస్తాడు. ఎవరు తట్టారని అడగడం అతని పని కాదు. అందుకే పాత వీడియోలకు ఆర్‌ఓ, అంటే చదవడానికి మాత్రమే అన్న షరతు పెట్టమంటున్నాము. ఇంకా గట్టిగా ఉండాలంటే పెట్టె వైపు నుంచే అలా పంచండి.

సాటి వైద్యులకు ఒక్క మాట. క్లినిక్కు కాగితాలను ఇంటి పెట్టెలో పెట్టకండి. ఒంటారియోలో 2004 నాటి ఆరోగ్య సమాచార రక్షణ చట్టం కింద ఆ కాగితాల బాధ్యత మనదే, ఇంట్లో అందరికీ పిలిస్తే వచ్చే చోట అవి ఉండరాదు.

డిస్కు ఎప్పటికీ విడవడం లేదని ఒకరు అన్నారు. ఫోటోల బొమ్మలు చిన్నవి చేసి చూపే ప్రోగ్రాములు, ఫైళ్ళ జాబితా తయారు చేసే ప్రోగ్రాములు ఊరికే లోపలికి తొంగి చూస్తూ ఉంటాయి. తొంగి చూసిన ప్రతిసారీ 300 సెకన్లు మొదటి నుంచి లెక్క. వాటికి స్లాష్ ఆర్కైవ్ వైపు వెళ్ళవద్దని చెప్పండి.

అంతా అయ్యాక ఒక పరీక్ష చెయ్యండి. ఎవరూ లోపల లేనప్పుడు, పది నిమిషాలు ఆగి, పెట్టె వెనక నెట్‌వర్కు తీగ లాగండి. నకలు తీసే ఏర్పాటును చేతితో నడపండి. కొంతసేపు ఆగి అది ఎర్రరుతో చచ్చిపోవాలి. "పని పూర్తి అయినది" అని వస్తే ఎక్కడో పాత ఖాళీ డైరెక్టరీలోకే పోతున్నదన్నమాట, ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో పాత వరుస తీసేశారో లేదో చూడండి. ఎర్రరు వస్తే తీగ మళ్ళీ పెట్టి, ఒక నిమిషం ఆగి, నకలు మరొకసారి నడపండి. ఆ తరువాత పెట్టె దగ్గరకే వెళ్ళి, కొత్త ఫైలు నిజంగా దాన్లో ఉన్నదో లేదో కళ్ళతో చూసి రండి.