బెంగను వినువారెవరు?

మనస్సు క్రుంగుట దౌర్బల్యమనియు, "ధైర్యముగా నుండుము" అని ఒక మాట చెప్పినచో అది తొలగిపోవుననియు మనలో పెక్కుమంది నమ్మిక. ఈ నమ్మికను మేము ఖండింపదలచినాము. ఇది నిర్దయ, అంతకు మించి అసత్యము.

మనఃస్థితికి కారణములు పెక్కు. నిద్ర చెడినచో మనస్సు చెడును. దీర్ఘవ్యాధి, ఋణబాధ, ఆప్తవియోగము, ఒంటరితనము, వంశమున వచ్చు శరీరతత్త్వము, ఇవన్నియు దానిని మలచుచుండును. 2025లో తోతాపురి మామిడి ధర పడిపోయినపుడు కృష్ణగిరి రైతు ఇంటిని క్రమ్మిన దిగులు పిరికితనమా? హోసూరు కర్మాగారములో రాత్రి షిఫ్టు చేసి, పగలు నిద్రకై పెనగులాడు యువకుని విసుగు స్వభావదోషమా?

వీనికి తోడు మనబోటి కుటుంబములకు మరియొక కారణము కలదు. తెలుగులో బెంగ వేరు, గుబులు వేరు, దిగులు వేరు. తల్లికి దూరమైన బిడ్డ పడునది బెంగ. రానున్నదానిని తలచి గుండెలో కదలునది గుబులు. కారణము తెలిసియు తెలియకయు మనస్సును క్రుంగదీయునది దిగులు. ఈ భేదము లెరిగి పెరిగిన అవ్వ తన బాధ చెప్పబోగా మనుమరాలికి ఆ మాటలే తెలియవు. అవ్వ ఊరకుండును. పిదప ఆ బాధయే తలనొప్పియై, ఒళ్ళునొప్పులై, ఆకలిలేమియై వైద్యుని ముంగిటికి పోవును. మనోవ్యాకులత ఇట్లు శరీరబాధల రూపమున బయటపడుట వైద్యు లెరిగిన సంగతియే.

"భాషకును బాధకును సంబంధమేమి? తమిళముతో, కన్నడముతో బ్రతుకు సాగుచున్నది గదా" అని కొంద రందురు. సాగుచున్నది, ఆ భాషలు మనకు పరాయివి కావు. అంగడిలో బేరమునకు, తాలూకా కచేరిలో అర్జీకి అవి చాలును. గుండె విప్పి ఏడ్చుటకు మాత్రము పుట్టి పెరిగిన భాష కావలెను. పాఠశాలలలో తమిళమును క్రమముగా నిర్బంధపాఠ్యము చేసిన 2006 నాటి చట్టమును గూర్చి మనము సభలలో వాదింతుము. ఆ వాదము న్యాయమే. అయితే మన వంటయింట, భోజనపు పంక్తిలో తెలుగును నిషేధించిన చట్టమేది?

కోలుకొను మార్గము లున్నవి. వేళకు నిద్ర, పగటి వెలుగున కొంత నడక, చేతికొక చిన్న పని, నలుగురితో మాట, ఇవి మేలు చేయును. మనస్సు కుదుటబడిన పిదప పని చేయుదమని కూర్చుండరాదు. పని మొదలిడినచో మనస్సు మెల్లగా వెంట వచ్చును. రెండు వారములైనను దిగులు వీడనిచో వైద్యుని ఆశ్రయింపవలెను. బ్రతుకుపై విరక్తి పొడసూపినచో ఒక్క దినమైనను జాగు చేయరాదు. 1974లో ఏర్పడిన నిమ్హాన్స్ సంస్థ హోసూరునకు చేరువనే బెంగుళూరులో నున్నది. కేంద్రప్రభుత్వము 2022లో ప్రారంభించిన టెలి మానస్ సంఖ్య 14416. అందు తెలుగులో మాటలాడు వీలు కలదు. జ్వరమునకు మందు తినుట సిగ్గు కానపుడు దీనికి సిగ్గేల?

అయినను వైద్యుని వద్దకు పోవుటకు ముందు వినువా రొకరు ఇంటనే ఉండవలెను. ఉగాదినాడు వేపపూవు చేదును పిల్లల నాలుకకు అందించుచున్నాము. చేదును చెప్పుకొను మాటలను మాత్రము అందించుట లేదు. బహుమతులకై పద్యములు వల్లింపజేసిన చాలదు. ప్రతి ఇంట సాయంకాలము అరగంట పెద్దలు తెలుగున చెప్పవలెను. పిల్లలు వినవలెను, తిరిగి పలుకవలెను. భాష నిలుచుట అటుండనిండు. ముందు మన పెద్దల మనస్సులు నిలుచును.