తలకు 207 రూపాయలు

బద్వేలులో ఏ బ్యాంకుకైనా పొద్దున పదిన్నరకు వెళ్లి చూడండి. డబ్బు తీసే ఫారం చేతబట్టుకుని, చదువుకున్నట్టు కనిపించే మనిషి కోసం వెతికే పెద్దమ్మలు ఒకరిద్దరైనా ఉంటారు. "నాయనా, ఇది రోంత రాసియ్యి" అంటారు. రాసివ్వడం సరే, ఇప్పుడు దానికి సెల్‌ఫోన్ తోడైంది. ఫోనుకొచ్చిన అంకెలు చదివిపెట్టమని ముక్కూమొహం తెలియని వాళ్ల చేతిలో ఫోనే పెట్టాల్సి వస్తోంది. చదువు రాకపోతే ఒకప్పుడు ఉత్తరం ఇంకొకరు చదివేవారు, అంతే. ఇప్పుడు ఖాతా ఖాళీ అవుతుంది.

ఇలాంటి వాళ్ల కోసమే కేంద్రం 2022లో నవభారత సాక్షరతా కార్యక్రమం తెచ్చింది. 'ఉల్లాస్' అనేది దీన్నే. 2027 వరకు ఐదేళ్లలో 5 కోట్ల మందికి అక్షరాలు, లెక్కలు, వాటితో పాటు డిజిటల్ అక్షరాస్యత నేర్పాలి. పాఠాలకు యాప్ కూడా పెట్టారు. కేటాయింపు 1,037.90 కోట్లు. అందులో 700 కోట్లు కేంద్రానివి, మిగతావి రాష్ట్రాలవి. వినడానికి బాగానే ఉంది కదా? ఇప్పుడు భాగించండి. తలకు 207 రూపాయలు! పుస్తకం, పరీక్ష, యాప్, ప్రచారం అన్నీ అందులోనే. అటూ ఇటూగా ఒక నెల ఫోను రీఛార్జి.

మరి చదువు చెప్పేవాళ్లకో? ఏమీ లేదు. వాళ్లు స్వచ్ఛంద సేవకులు.

2009 సెప్టెంబరు 8న మొదలై 2018 మార్చిలో ఆగిపోయిన సాక్షర భారత్‌లో ఊరి కో-ఆర్డినేటరుకు నెలకు 2,000 రూపాయలైనా ఉండేది. అదీ సకాలంలో రాక వాళ్లు రోడ్డెక్కిన రోజులున్నాయి. ఉల్లాస్ లెక్కన ఇరవై మంది తరగతికి వచ్చేది నాలుగు వేల పైచిలుకు. పాత కో-ఆర్డినేటరుకు రెండు నెలల జీతం!

కంప్యూటర్ పనికిరాదని కాదు. 2000లో మెదక్ జిల్లా బీరంగూడలో టీసీఎస్ వాళ్లు పెద్దలకు తెలుగు నేర్పింది కంప్యూటర్ మీదే. అదీ కాలం చెల్లిన పాత కంప్యూటర్ల మీద. తెర మీద బొమ్మలు, మాటలు చూపిస్తూ నలభై గంటల్లో చదవడం నేర్పాలన్నది వాళ్ల పద్ధతి. కానీ పని నుంచి వచ్చి, వంట చేసి, అలిసిపోయిన మనుషుల్ని రోజూ పోగుచేసి తెర ముందు కూర్చోబెట్టాలి కదా. ఆ పని ఏ సాఫ్ట్‌వేర్ చేస్తుంది?

బద్వేలు నుంచి నెల్లూరు రోడ్డు పడితే పక్క జిల్లాలోనే ఉంది దూబగుంట. అక్కడ 1990ల మొదట్లో పలకా బలపంతో అక్షరాలు దిద్దిన ఆడవాళ్లే సారా మీద తిరగబడ్డారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. రాత్రిబడిలో యంత్రమేదీ లేదు. పొద్దుగూకితే ఇంటింటికీ వెళ్లి "రా అక్కా" అని పిలిచే మనిషి ఉన్నారు.

డబ్బు ఎలా ఇస్తామన్నదీ ముఖ్యమే. 2017లో వచ్చిన ప్రధానమంత్రి గ్రామీణ డిజిటల్ సాక్షరతా అభియాన్‌లో ఇరవై గంటల శిక్షణ. 2024 మార్చితో అది ముగిసింది. అభ్యర్థి పరీక్ష పాసయితే శిక్షణ సంస్థకు 300 రూపాయలు. పాసయితేనే డబ్బంటే ఏ సంస్థ అయినా ఎవరిని వెతుక్కుంటుంది? ఇంటర్ చదివిన కుర్రాడినా, బడి మొహం చూడని వాళ్లమ్మనా?

ఇంకో వింత చూడండి. వేలిముద్ర మానిపించి సంతకం నేర్పడానికి ఎన్నేళ్లు పట్టిందో! తీరా నేర్చుకున్నాక ఆధార్ మిషను మళ్లీ వేలే పెట్టమంటోంది. ఎంత డబ్బు తీశారో తెరమీద చదవలేని మనిషికి ఆ వేలిముద్రే ప్రమాదం.

నన్నడిగితే ట్యాబులు, తెరలు తర్వాత కొనొచ్చు. ముందు ఊరికొకరికి, ఆ ఊళ్లోనే డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న అమ్మాయికైనా సరే, ఆరు నెలలు తప్పకుండా అందే జీతం రాయండి. సాయంత్రం బడి గది తాళం చెవి ఆమెకివ్వండి. యాప్ వాడాలో, పలక వాడాలో ఆమే చూసుకుంటుంది.